ఈ శనివారం ఎవరు వాయిస్తున్నారు?

పోయిన సంచికలో బెంగళూరు చిన్న బ్యాండ్ల గురించి రెండు పేరాలు రాశాను. వాటికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కాలేజీ పిల్లలు రాశారు, వాళ్ల అమ్మలు రాశారు, ఐటీలో పదేళ్లు దాటినవాళ్లు, పీజీ గదిలో గిటార్ పెట్టుకుని దారి వెతుక్కుంటున్నవాళ్లు రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. సినిమా అండ లేకుండా, పెద్ద మ్యూజిక్ కంపెనీ డబ్బు లేకుండా, తమ పాట తామే కట్టుకుని తామే రికార్డు చేసుకుని ఊళ్లో చిన్న చిన్న చోట్ల వాయించేవాళ్ల సంగతులివి. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

*

ప్రశ్న: మాది నంద్యాల. ఇక్కడ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. హాస్టల్లో అందరూ ఏవేవో ఇండీ బ్యాండ్ల పేర్లు చెప్తుంటారు, నాకు సినిమా పాటలు తప్ప ఏమీ తెలియవు. షోలు ఎక్కడ జరుగుతాయో ఎలా తెలుసుకోవాలి? ఒక్కదాన్నే వెళ్లొచ్చా? చేతిలో పెద్దగా డబ్బులు కూడా ఉండవు.
– విద్యార్థిని, కెంగేరి

డబ్బుల సంగతి ముందు తేల్చేద్దాం చెల్లెమ్మా. ఈ ఊళ్లో పైసా ఖర్చు లేకుండా పాట వినే చోట్లున్నాయి. డొమ్లూరులో బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్ ఉంది, అక్కడ జరిగే కార్యక్రమాల్లో చాలావాటికి ప్రవేశం ఉచితమే, వాళ్ల సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని వెళ్తే సరి. ఆగస్టు 15 చుట్టుపక్కల ఫ్రీడమ్ జామ్ పేరుతో జరిగే కచేరీలు తొంభైల నాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ, టికెట్ లేకుండా ఒకరి తర్వాత ఒకరు వాయిస్తూనే ఉంటారు. ఇక కాలేజీ ఫెస్టులు. మీ కాలేజీదే కాదు, పక్క కాలేజీల బ్యాండ్ పోటీలకు కూడా ఐడీ కార్డు చూపిస్తే చాలాచోట్ల రానిస్తారు, నన్నడిగితే కొత్త బ్యాండ్లను అందరికంటే ముందు వినగలిగేది అక్కడే.

టికెట్ షోలయితే బుక్‌మైషో, డిస్ట్రిక్ట్, స్కిల్‌బాక్స్ యాప్‌లు చూస్తూ ఉండు. కానీ యాప్‌లో పెద్ద పేర్లే పైకి వస్తాయి కాబట్టి అక్కడితో ఆగిపోకు. ఇన్‌స్టాగ్రామ్‌లో ముందు షోలు జరిగే చోట్లను ఫాలో అవ్వు, బ్యాండ్ల వంతు తర్వాత. ఆ పోస్టర్లో పెద్ద అక్షరాల పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు పేర్లుంటాయి చూడు, వాళ్లను పట్టుకో. ఆ చిన్న పేర్లవాళ్లు ఇంకెక్కడ వాయిస్తున్నారో చూసుకుంటూ పోతే నెల తిరిగేసరికి సగం ఊరు నీకు తెలిసిపోతుంది.

వయసు సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. మద్యం అమ్మే చోట చాలావరకు 21 నిండినవాళ్లనే రానిస్తారు, టికెట్ పేజీలోనే 21 ప్లస్ అని రాసి ఉంటుంది, అది చూడకుండా కొనేసి గేటు దగ్గర బాధపడేవాళ్లు ప్రతి షోకీ ఉంటారు. నీకు ఇంకా ఆ వయసు రాలేదు కాబట్టి అన్ని వయసులవాళ్లనీ రానిచ్చే షోలే చూసుకో.

ఒక్కదానివే వెళ్లొచ్చు, నిజానికి ఒక్కదానివే వెళ్తే పాట బాగా వింటావు. కెంగేరిలో పర్పుల్ లైన్ ఎక్కితే ఎక్కడా మారకుండా షోలు జరిగే ఇందిరానగర్‌లో దిగొచ్చు. తిరుగు ప్రయాణానికి చివరి రైలు ఎన్నింటికో బయల్దేరే ముందే చూసుకో, రూమ్మేట్‌కి చెప్పి వెళ్లు. లోపలికి వెళ్లాక స్టేజీ ముందుకు దూరిపోకుండా సౌండ్ కన్సోల్, అంటే శబ్దం సరిచేసే బల్ల, పక్కన నిలబడు. హాల్లో శబ్దం అన్నిటికంటే సరిగ్గా వినిపించేది అక్కడే, ఎందుకంటే సౌండ్ చూసే టెక్నీషియన్ అక్కడ నిలబడి విని అన్నీ సరిచేస్తాడు. పైగా షో నడిపించేవాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడూ అక్కడే ఉంటారు, ఎవరైనా ఇబ్బంది పెడితే పక్కనే చెప్పుకోవచ్చు.

సినిమా పాటలు తప్ప తెలియవన్నావు. ఇళయరాజా పాటల్లో కింద నడిచే బేస్ గిటార్‌ను ఎప్పుడైనా విడిగా గమనించావా? గమనించి ఉంటే నీ చెవి తయారుగానే ఉంది. షో మొదలయ్యే టైముకే వెళ్లు, మొదట వాయించే బ్యాండ్‌ను వదలకు.

*

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం. ప్రతి శనివారం ఏదో బ్యాండ్ షో అంటూ వెళ్లి రాత్రి 11 దాటాక వస్తాడు. బార్లలో జరుగుతాయట. మేము కడప నుంచి వచ్చినవాళ్లం, మాకు ఇవన్నీ అలవాటు లేవు. చదువు ఏమైపోతుందో, ఎవరితో తిరుగుతున్నాడో అని ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

మీ టెన్షన్ అర్థం లేనిది కాదమ్మా. షోలు బార్లలో ఎందుకు జరుగుతాయో ముందు చెప్తాను. స్టేజీ, స్పీకర్లు, సౌండ్ మనిషి, అద్దె – ఇదంతా భరించాలంటే టికెట్ డబ్బు ఒక్కటీ సరిపోదు, తిండీ తాగుడూ అమ్మితేనే ఆ ఖర్చు వెళ్తుంది. అంతేగానీ అక్కడికి వెళ్లే ప్రతి పిల్లాడూ తాగడానికే వెళ్తాడని కాదు. రాత్రంతా ఒక్క నిమ్మకాయ సోడాతో గడిపి, డ్రమ్మర్ చేతుల వంక చూస్తూ నిలబడే పిల్లలు ప్రతి షోలోనూ కనబడతారు.

వెళ్లొద్దని ఒక్కసారి అన్నారంటే ఇక మీకు చెప్పకుండా వెళ్తాడు. దానికంటే ప్రతిసారీ మూడే అడగండి: ఎవరు వాయిస్తున్నారు, ఎక్కడ, తిరిగి ఎలా వస్తావు. మొదటి ప్రశ్నకు అతను ఉత్సాహంగా పావుగంట మాట్లాడితే పాట కోసమే వెళ్తున్నాడని అర్థం. తడబడితే అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడండి. మార్కులు నిజంగా పడిపోతున్నాయనుకోండి, మార్కుల గురించే గట్టిగా మాట్లాడండి, పాట మీద నెపం వేయకండి.

ఇంకొకటి, ఒకసారి మీరూ కలిసి వెళ్లండి. జేపీ నగర్ ఏడో ఫేజ్‌లో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ అని సంగీతం మ్యూజియం ఉంది, జానపదం నుంచి రాక్ దాకా అన్నీ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వినొచ్చు, బయట తోటలో వాయించి చూసుకునే రకరకాల వాద్యాలున్నాయి. అక్కడ మధ్యాహ్నమంతా గడిపితే మీవాడు ఏం వింటున్నాడో మీకు తెలుస్తుంది, మీరు చిన్నప్పుడు ఏం విన్నారో వాడికి తెలుస్తుంది. అతను వినడానికే వెళ్తున్నాడా, ఏమైనా వాయిస్తున్నాడా అనేది కూడా అడగండి. ఇంట్లో ఎవరూ అడగక చెప్పనివాళ్లు చాలామంది ఉన్నారు.

*

ప్రశ్న: 2014 నుంచి 2017 దాకా వారం వారం ఇందిరానగర్ వెళ్లేవాడిని. అక్కడి మ్యూజిక్ క్లబ్ హమ్మింగ్ ట్రీ మూసేశాక అంతా అయిపోయింది. ఇప్పుడు ఎక్కడ చూసినా డీజేలు, లేదంటే బాలీవుడ్ నైట్లు. బెంగళూరు సీన్ చచ్చిపోయినట్టే కదా?
– ఐటీ ఉద్యోగి, మహదేవపుర

లేదండీ, ఈ మాట నేను ఒప్పుకోను. కానీ మీ బాధ వెనక ఉన్న కారణాలు నిజమైనవి, అవి చాలామందికి తెలియవు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

హమ్మింగ్ ట్రీ 2013లో మొదలై 2019లో మూతపడింది. ఆ ఆరేళ్లలో దేశంలో ఏ మూల బ్యాండైనా బెంగళూరు వస్తే ఎక్కువగా అక్కడే వాయించేది. అదొక్కటే కాదు, అంతకుముందు కైరా పోయింది, వైట్‌ఫీల్డ్‌లో కౌంటర్‌కల్చర్ పోయింది. అద్దెలు పెరగడం ఒకటైతే లైసెన్సుల గొడవ ఇంకొకటి. బెంగళూరులో జనం వినోదానికి చేరే చోట్లకు పోలీసు లైసెన్సు ఉండాలని 2005లో ఒక ఆదేశం వచ్చింది. అది కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి, 2018 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఏడాది మధ్యలో పోలీసులు గట్టిగా అమలు మొదలుపెట్టేసరికి ఊళ్లో చాలా పబ్బులు రాత్రికి రాత్రి లైవ్ మ్యూజిక్ ఆపేశాయి. ఆ లైసెన్సు రావాలంటే భవనం వాడకానికి తగిందని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కావాలి, ఒకప్పుడు ఇళ్లుగా కట్టి తర్వాత పబ్బులుగా మారిన భవనాలకు అది ఎక్కణ్నుంచి వస్తుంది? దాని మీద 2020లో కోవిడ్ వచ్చి పడింది. ఇన్ని దెబ్బలు తగిలాక కూడా ఈ ఊళ్లో బ్యాండ్లు మిగిలాయంటే అది మామూలు సంగతి కాదు.

మీరు వెళ్లిన రోజులకు ముందు కూడా ఇక్కడ పాట ఉంది. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ అనే రాక్ బ్యాండ్ 1996లో క్రైస్ట్ కాలేజీలో పుట్టింది, అప్పటికి ఇందిరానగర్ అంటే ప్రశాంతంగా ఉండే ఇళ్ల కాలనీ. మెటల్ బ్యాండ్ క్రిప్టోస్ 1998లో మొదలైంది, 2013లో జర్మనీ వెళ్లి వాకెన్ మెటల్ ఫెస్టివల్లో వాయించి వచ్చింది. ఆ రోజుల్లో వాళ్లకు వారం వారం వాయించే క్లబ్బులు ఎక్కడివి? కాలేజీ ఫెస్టులు, నేషనల్ లా స్కూల్‌లో జరిగే స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ బ్యాండ్ పోటీ, ఆరుబయట జామ్‌లు, అంతే. 2007లో విదేశీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చిందంటే, 2011లో అలాంటిదే మెటాలికా వచ్చిందంటే, వాళ్లు ఈ ఊరినే ఎంచుకోవడానికి అప్పటికే ఇక్కడ తయారైన శ్రోతలే కారణమని నా నమ్మకం. అదృష్టం వల్ల దొరికినవి కావు అవి. పెద్ద హాలు వచ్చింది, పోయింది. వినేవాళ్లు ఉన్నంతకాలం ఇంకో చోటు వెతుక్కుంటారు.

మీరు మహదేవపురలో ఉన్నారు కదా, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ మీకు దగ్గర, జాజ్ వినాలంటే దేశంలోనే మంచి చోట్లలో ఒకటి. కోరమంగళలో గిల్లీస్ అనే పబ్‌లో ఫ్యాండమ్ ఉంది, బ్యాండ్ షోల కోసమే పెట్టిన స్టేజీ. ఇవికాక పుస్తకాల షాపుల్లో, కాఫీ రోస్టరీల్లో, ఎవరింటి మేడ మీదో యాభై మందితో జరిగే షోలు మీ రోజులకంటే ఇప్పుడే ఎక్కువ కనిపిస్తున్నాయి, వాటికి పోస్టర్లు గోడల మీద కనబడవు. డీజే రాత్రుల గురించి మీరన్నది నిజమే, నలుగురు మనుషుల బ్యాండ్ కంటే ఒక మనిషి, ఒక ల్యాప్‌టాప్ అయితే యజమానికి ఖర్చు తక్కువ. ఆ లెక్క మారాలంటే బ్యాండ్ ఉన్న రాత్రి తలుపు దగ్గర మనుషులు కనబడాలి. మీరు చివరిసారి టికెట్ కొని వెళ్లింది ఎప్పుడు? ఈ నెల్లో ఒక్కటి చూసి మళ్లీ రాయండి, మీ ఉత్తరం తప్పకుండా వేస్తాం.

*

ప్రశ్న: షో నుంచి వచ్చాక మర్నాడు కూడా చెవుల్లో గుయ్‌మంటుంది. ప్రమాదమా?
– పాఠకుడు, మారతహళ్లి

ప్రమాదమే, తేలిగ్గా తీసుకోకండి. పని చేసే చోట్ల శబ్దం గురించి అమెరికాలో నియోష్ అనే సంస్థ వేసిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. అంటే 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. చిన్న గదిలో డ్రమ్స్, రెండు గిటార్ యాంప్‌లు మోగితే 100 దాటడం ఎంతసేపు? మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని కాస్త పైకి లాగి లోపలికి పెడితేనే పనిచేస్తాయి. దూది వల్ల ఉపయోగం లేదు. స్పీకర్ ముందు నిలబడకండి, మధ్యలో పదినిమిషాలు బయటికి వచ్చి నిలబడండి. గుయ్‌మనడం రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి, వాయిదా వేయకండి.

*

ప్రశ్న: కన్నడలో రఘు దీక్షిత్ ఉన్నాడు, స్వరాత్మ ఉంది. ఉర్దూలో, కశ్మీరీలో పాడే పర్వాజ్ కూడా బెంగళూరు బ్యాండే. ఇంతమంది తెలుగువాళ్లం ఈ ఊళ్లో ఉన్నాం, తెలుగులో పాడే బ్యాండ్ పేరు ఒక్కటీ ఎందుకు వినబడదు?
– పాఠకురాలు, ఎలక్ట్రానిక్ సిటీ

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

మొదట ఒక విషయం. ఈ ఊరి బ్యాండ్ల నోట తెలుగు వినబడుతూనే ఉంది, మనమే పట్టించుకోలేదు. అగం అని కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపి వాయించే బెంగళూరు బ్యాండ్ ఉంది, 2012లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో త్యాగరాజు 'బంటురీతి కొలు' ఉంది. హంసనాదం రాగంలో ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్స్ కలిసి లేస్తుంటే వేలమంది పిల్లలు, అందులో తెలుగు ముక్క రానివాళ్లే ఎక్కువ, ఆ తెలుగు మాటల్ని గొంతెత్తి పాడతారు. అది విని మన తెలుగు పిల్లలు అది తమ భాషేనని కూడా చాలాసార్లు గుర్తించరు, అదీ నా బాధ. భాష అడ్డం కాదనడానికి పర్వాజ్‌ను మీరే ఉదాహరణ చూపించారు, కశ్మీరీ తెలిసినవాళ్లు ఆ హాల్లో ఎంతమంది ఉంటారు చెప్పండి?

మరి ఎందుకు లేదంటే, నాకు కనబడుతున్న కారణం ఇది. షోలన్నీ శుక్ర, శనివారాల రాత్రుల్లో జరుగుతాయి. శుక్రవారం రాత్రి మనవాళ్లెక్కడుంటారు? మడివాళలోనో, మారతహళ్లి బ్రిడ్జి దగ్గరో భుజాన బ్యాగు వేసుకుని అనంతపురం, కర్నూలు, విజయవాడ, హైదరాబాద్ బస్సు కోసం నిలబడి ఉంటారు. ఊరికి వెళ్లడం తప్పని నేననను, అమ్మానాన్నలు అక్కడున్నప్పుడు వెళ్లాల్సిందే. కానీ పదేళ్లు ఉన్నా ఇది మన ఊరు కాదు, వారం రోజులు పనిచేసే చోటు మాత్రమే అనుకుంటే, ఇక్కడ మన పాట ఎలా పుడుతుంది? కన్నడ పిల్లలకు ఇది సొంత ఊరు, వాళ్లకు శనివారం ఇక్కడే. మలయాళీలకు, ఈశాన్య రాష్ట్రాలవాళ్లకు ఊరు దూరం, కాబట్టి శనివారం ఇక్కడే.

రెండో కారణం సినిమా. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ తెలుగులో సొంత పాటలు కట్టి ఎంతమందికి చేరిందో మీకు తెలుసు, ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల 2021 నాటికి జాతిరత్నాలు సినిమాలో పాడాడు. అందులో తప్పేమీ లేదు, పాడేవాడికి పని దొరికింది, మంచిదే. కానీ మనలో మంచి గొంతు ఉన్న ప్రతివాడూ సినిమా పిలుపు కోసమే పాడుతున్నాడు, వినేవాళ్లు కూడా సినిమా వచ్చి ముద్ర వేసేదాకా ఆగుతున్నారు. ఆ మధ్యలో ఒక పాటను పదిసార్లు జనం ముందు పాడి, చరణం మార్చి, మళ్లీ పాడి గట్టిపరిచే చోటు మనకు లేకుండా పోయింది.

ఈ ఊళ్లో తెలుగు సంఘాలున్నాయి, వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితికి కృష్ణదేవరాయ కళామందిరం లాంటి మంచి హాలుంది. అపార్ట్‌మెంట్లలో ఉగాదికి, సంక్రాంతికి తెలుగువాళ్లు వేల రూపాయలు వేసుకుని సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టించుకుంటారు. ఆ మూడు గంటల్లో ఒక్క అరగంట, సొంత తెలుగు పాటలున్న కుర్రాళ్లకు ఇవ్వండి. మీ కమిటీలో ఈ మాట ఎత్తేది మీరే అయితే మరీ మంచిది. ఎవరైనా వచ్చి పాడగలిగే ఓపెన్ మైకుల్లో తెలుగు పాట రాసుకుని వచ్చి, పాడే ముందు 'సారీ, ఇది తెలుగు పాట' అని చెప్పుకునే పిల్లల్ని చూస్తున్నాను. వాళ్లు సారీ చెప్పాల్సిన అవసరం లేదు, ముందు వరుసలో ఇద్దరు మనవాళ్లు కూర్చుని ఉంటే చెప్పరు కూడా.

*

ప్రశ్న: మేం ముగ్గురం, గిటార్, బేస్, డ్రమ్స్. ఒకే పీజీలో ఉంటాం. ఐదు సొంత పాటలున్నాయి, రెండు తెలుగులో. ఎవర్ని అడిగినా కవర్స్, అంటే వేరేవాళ్ల పాటలు, వాయించమంటారు. మొదటి షో ఎలా వస్తుంది? డబ్బులు ఇస్తారా? స్పాటిఫైలో వేస్తే ఏమైనా వస్తుందా?
– ముగ్గురు మిత్రులు, బీటీఎం లేఅవుట్

తమ్ముళ్లూ, రెండు తెలుగు పాటలున్నాయన్నారు, అవి తీసేయకండి.

మొదటి షో మెసేజ్‌లు పెడితే రాదు, అందరికీ కనబడుతూ ఉంటే వస్తుంది. మీరు వాయించాలనుకున్న చోటికి ముందు శ్రోతలుగా వెళ్లండి, మీలాంటి బ్యాండ్ వాయించాక వాళ్లతో మాట్లాడండి, ఏ పాట నచ్చిందో పేరు పెట్టి చెప్పండి. అక్కడ షోలు చూసుకునే మనిషి ఎవరో తెలుసుకోండి. సాధన చేసుకునే జామ్ రూమ్ ఒకటి గంటల లెక్కన తీసుకుని, ఒక పాట మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వాయించి ఫోన్‌లో వీడియో తీయండి. స్టూడియోలో మెరుగులు దిద్దిన పాట కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే ఆ మనిషికి కావాల్సింది మీరు స్టేజీ మీద నిలబడి వాయించగలరా అనేది. ఆ లింకూ, మూడు వాక్యాలూ, అంతే. ఇంకో బ్యాండ్ ముందు అరగంట అడగండి, సొంత రాత్రి అడగకండి.

కవర్స్ విషయంలో నా అభిప్రాయం ఇది. రెస్టారెంట్ వాళ్లు ఒక మొత్తం ఇచ్చి మూడు గంటలు తెలిసిన పాటలు వాయించమంటే, డబ్బు అవసరం ఉంటే వాయించండి, చేయి తిరుగుతుంది, కానీ దాన్ని మీ బ్యాండ్ పేరుతో చేయకండి. మీ పేరుతో ఎక్కినప్పుడు ఐదు పాటలూ మీవే వాయించి దిగండి. ఇరవై ఐదు నిమిషాలు గట్టిగా ఉంటే, గంటసేపు సాగదీసిన దానికంటే జనానికి గుర్తుంటుంది.

ఇప్పుడు సౌండ్ చెక్. చాలా కొత్త బ్యాండ్లు పేరు పోగొట్టుకునేది ఇక్కడే. ఐదింటికి రమ్మంటే ఐదింటికి అక్కడ ఉండాలి. డ్రమ్ కిట్ వాళ్లది ఉంటుంది కానీ స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ డ్రమ్మర్ తనవే తెచ్చుకోవాలి, అవి ఇవ్వరు, ఇచ్చినా పగిలితే మీ మీదే. బేస్‌ను చాలా చిన్న చోట్ల యాంప్‌కి కాకుండా డీఐ బాక్స్ అనే చిన్న పెట్టెలోంచి నేరుగా మిక్సర్‌కి ఇస్తారు, కంగారు పడకండి. సౌండ్ ఇంజినీర్ 'కిక్' అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ ఒక్కటే, నిదానంగా, ఒకే బలంతో కొడుతూ ఉండాలి, ఆపమనేదాకా. ఆ సమయంలో గిటారిస్ట్ తన కొత్త రిఫ్ వాయించుకుంటూ ఉంటే ఇంజినీర్‌కి ఏమీ వినబడదు, మీ అందరి టైమూ పోతుంది. తర్వాత స్నేర్, టామ్స్, బేస్, గిటార్, చివరికి గొంతు. ఆపైన మీ పాటల్లో అన్నిటికంటే గోలగా ఉన్నది ఒక్క నిమిషం. మీ వైపు తిప్పి పెట్టిన మానిటర్ స్పీకర్‌లో గొంతు వినబడకపోతే 'నా గొంతు కొంచెం పెంచండి' అని మైకులోనే అడగండి, అది ఆ మైకు పనికి వచ్చే సమయం. ఎన్ని మైకులు, ఎన్ని లైన్లు కావాలో ఒక్క కాగితం మీద రాసి ముందు రోజే పంపించండి. ఇంజినీర్ పేరు తెలుసుకుని, స్టేజీ మీద నుంచి ఆ పేరు పెట్టి థాంక్స్ చెప్పండి.

డబ్బు. టికెట్ షోల్లో సాధారణంగా తలుపు దగ్గర టికెట్ల మీద వచ్చింది పంచుతారు. ఎంత వాటా, సౌండ్ ఖర్చు ఎవరి వాటాలోంచి పోతుంది, బ్యాండ్‌కి భోజనం ఉందా, ఎప్పుడిస్తారు – ఈ నాలుగూ ముందే అడిగి వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంచుకోండి. అడగడానికి మొహమాటపడకండి, మంచి నిర్వాహకులు అడిగినందుకు ఏమీ అనుకోరు. మొదటి రెండు మూడు షోల్లో ఆటో ఖర్చులు వస్తే మంచిదే. కానీ 'పేరు వస్తుంది కదా' అని టికెట్లు అమ్ముకుని మరీ మీకు సున్నా ఇచ్చేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లొద్దు. మీరే టికెట్లు అమ్మిపెట్టాలి, అమ్ముడుపోకపోతే మీరే కట్టాలి అనేవాళ్ల దగ్గరికి మొదటిసారి కూడా వెళ్లొద్దు.

స్పాటిఫైలో వేయండి, కానీ డబ్బు కోసం కాదు, వెతికినవాళ్లకు దొరకడం కోసం. 2024 నుంచి ఒక పాటను ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే దానికి రాయల్టీ లెక్కే కట్టడం లేదు. పాట రాసినవాళ్లు, స్వరపరిచినవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ) సభ్యులు కండి, 2012లో కాపీరైట్ చట్టం సవరించాక ఆ రాయల్టీ హక్కును అమాయకంగా ఎవరికో రాసిచ్చేసే ప్రమాదం తగ్గింది. అంతకంటే ముందు మీ ముగ్గురూ కూర్చుని ఏ పాటలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి. స్నేహితులం కదా ఇప్పుడెందుకు అనుకుంటారు. స్నేహితులుగా ఉన్నప్పుడే రాసుకోవాలి.

బతుకు దీని మీదే నడుస్తుందా అంటే, చాలామందికి నడవదు. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ వాళ్లే టాకడమీ పేరుతో సంగీతం నేర్పే బడి పెట్టారు. నేర్పడం, రికార్డింగులకు వాయించడం, ప్రకటనలకు చేయడం, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వాయించడం, ఇవన్నీ గౌరవంగా బతికే దారులే. తెలుగు పాటలు రెండు మాకు పంపండి.

*

ప్రశ్న: నచ్చిన బ్యాండ్‌కి డబ్బులు పంపాలని బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బమ్ కొనబోతే పేమెంట్ ఫెయిల్ అవుతోంది. ఎందుకు?
– పాఠకుడు, బెళ్లందూరు

మీ కార్డులో లోపం ఉండకపోవచ్చు. బ్యాండ్‌క్యాంప్‌లో అమ్మేవాళ్లకు డబ్బు పేపాల్ ద్వారా వెళ్తుంది, పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో మనవాళ్ల మధ్య చెల్లింపులు ఆపేసింది. విదేశీ బ్యాండ్ ఆల్బమ్ అయితే కొనగలుగుతారు, పక్క వీధి బ్యాండ్‌దే ఆగిపోతుంది. బ్యాండ్‌కే మెసేజ్ పెట్టి యూపీఐ నంబర్ అడగండి, చాలామంది ఫైల్స్ నేరుగా పంపిస్తారు. షోకి వెళ్తే తలుపు పక్కన చిన్న బల్ల మీద టీషర్టులు, స్టిక్కర్లు పెట్టి, క్యూఆర్ కోడ్ టేప్‌తో అతికించి ఉంటుంది. అక్కడ కొన్న టీషర్టు డబ్బు మధ్యలో ఎవరికీ వాటా లేకుండా నేరుగా బ్యాండ్‌కే వెళ్తుంది.

*

ప్రశ్న: షోలో ఫోన్‌తో వీడియో తీస్తే వాయించేవాళ్లకు కోపం వస్తుందా?
– విద్యార్థి, బన్నేరుఘట్ట రోడ్

చిన్న బ్యాండ్లకు సాధారణంగా రాదు, పైగా సంతోషిస్తారు, వాళ్ల దగ్గర వీడియో తీసేవాళ్లు ఉండరు కాబట్టి. ఒక్క పాట తీయండి, ఫ్లాష్ ఆపేయండి, ఫోన్ తలపైకి ఎత్తకండి, వెనకవాళ్లకు అడ్డం. పోస్ట్ చేసేటప్పుడు బ్యాండ్‌నూ, ఆ చోటునూ ట్యాగ్ చేయండి, పాట పేరు తెలియకపోతే దిగాక వాళ్లనే అడగండి. ఇంకా రిలీజ్ కాని పాట, వేయొద్దంటే వేయకండి.